చెప్పలేదట, చూపెట్టాడట

మా అన్న మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. చల్లారదు కూడా.

చెన్నూరు అడవిలో ఆ పొన్నంగి పిట్ట గూడును కనిపెట్టింది నేను. మా అవ్వది, అంటే అమ్మది, మరాఠీ మాటలు కలిసే భైంసా వైపు, ఆమె దాన్ని నవరంగ్ అంటుంది. పచ్చని వీపు, రెక్కల్లో నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, తోక కింద కుంకుమ ఎరుపు. ఇన్ని రంగులుండీ కొమ్మెక్కి మురిసిపోదు. వెదురు పొదల కింద గెంతుతూ, ఎండుటాకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. దాని చుట్టాలు చాలావరకు ఎక్కడో వానలు విడవని అడవుల్లో ఉంటాయట. ఇది మాత్రం తొలకరికి మా వైపు వచ్చి, పొద్దునా సందెవేళా రెండు ముక్కల ఈల వేస్తుంది. గూడు చూస్తే గూడనుకోరు, ఎవరో ఊడ్చి పోసిన ఆకుల కుప్ప అనుకుంటారు. పక్కనుంచి లోపలికి చిన్న దారి ఉంటుంది, అంతే.

ఆ కుప్పలో నాలుగు పిల్లలు నోళ్లు తెరిచి ఉండటం చూశాను. సంతోషం కడుపులో దాచుకోలేక అన్నకు చెప్పాను. అన్న శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. సెలవు దొరికితే కెమెరా మెడలో వేసుకుని తిరుగుతాడు.

"ఎవ్వలకు చెప్పకు అన్నా, అవి రెక్కలొచ్చి ఎగిరేదాక," అన్నాను.

"అవ్వతోడు చెల్లె, ఎవ్వలకు చెప్ప."

మా ఇంట్లో అవ్వతోడు అన్నాక ఇంక తిరుగుండదు. నమ్మాను.

వారం తిరక్కముందే వెళ్తే, గూడు ముందరి వెదురు కొమ్మలు నరికేసి ఉన్నాయి, ఫొటోకు అడ్డం రాకుండా. నేలంతా బూట్ల గుర్తులు. మరుగు పోయిన గూడు ఏ కాకి కంట పడిందో, లోపల ఒక్క పిల్ల లేదు. పెద్ద పిట్ట ముక్కున వానపాముతో ఆ దారి దాకా వస్తోంది, చూసి పోతోంది, మళ్లీ వస్తోంది.

తిన్నగా అన్న ఇంటికే వెళ్లాను. "అవ్వతోడు అన్నవ్ గదా! ఎట్ల మనసొప్పింది నీకు?"

"నేనెవ్వలకు చెప్పలే చెల్లె. దోస్తులను తోల్కపోయి చూపెట్టిన, గంతే. గింత దానికే పరేషాన్ చేస్తవేంది?"

చూపెట్టాడట! ఏం తెలివి! ఒట్టూ చెడలేదు, ముచ్చటా తీరింది. గిర్రున తిరిగి ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రానికే పిల్లలు నోళ్లు తెరిచిన ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది. కింద "మా చెల్లె చూసిన గూడు" అని రాశాడు, ప్రేమగానే. ఆ ప్రేమకే నాకు ఎక్కువ మండింది. చుట్టాలంతా నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ మాట తీసెయ్యమని చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆగిపోయాను. అందులో అబద్ధమేముంది? దాని జాడ మొదట బయటపెట్టింది నేనే.