ఓగ్నియన్ తల ఊపాడు

మా రూసె పట్టణంలో ఓగ్నియన్ పెంచెవ్‌ను మొహం చూసి గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. గొంతు విని గుర్తుపట్టనివాళ్ళు ఇంకా తక్కువ. మామూలు రోజుల్లో అతను ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. తలుపు కొట్టడం, వంటింటి సింకు కిందికి దూరడం, అంకెలు రాసుకుని ఇవతలికి రావడం, అంతే పని. గురువారం సాయంత్రం మాత్రం రేడియో స్టేషన్లో మైకు ముందు కూర్చుంటాడు. అప్పుడు ఊరంతా అతని మాట వింటుంది. ఊరంతా అంటే కాస్త ఎక్కువే అన్నాననుకోండి, వినేవాళ్ళు వింటారు.

కార్యక్రమం పేరు ‘కొందామా, ఆగుదామా’. మొదటి అరగంట ఫోన్ల కంపెనీలు, కంప్యూటర్ కంపెనీలు ఆ వారం చేసిన నిర్వాకాలు: ఎవరు ఎవరిని మింగారు, ఎవరు ఉద్యోగులను వీధిన పడేశారు, ఎవరి మడతఫోను రెండు ముక్కలైంది. రెండో అరగంట ఏదో ఒక వస్తువు. దాన్ని వారం పాటు ఇంట్లో వాడి వచ్చి కొనాలో ఆగాలో తేల్చి చెప్పాలి. పక్క కుర్చీలో జ్లతీనా ఉంటుంది. ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, నోరు మహా పదును. ప్రశ్నలన్నీ ఆవిడవి, ఆఖరి మాట ఓగ్నియన్‌ది.

అతను ఈ కుర్చీలోకి వచ్చిన తీరు కూడా చిత్రమే. ఒకప్పుడు ఇల్లు ఊడ్చే మరమనిషిని ఒకదాన్ని కొన్నాడు. అది తివాచీ అంచు చూస్తే చాలు, జడుసుకుని వెనక్కి పోయేది. ఒళ్ళు మండి రేడియోకి ఫోన్ చేసి, దాన్నీ, చేసినవాళ్ళనీ, అమ్మినవాళ్ళనీ, చివరికి కొన్న తననీ కలిపి పావుగంట తిట్టాడు. ఆ తిట్లు జనానికి నచ్చాయి. మళ్ళీ వారం వచ్చి తిట్టమన్నారు. వచ్చినవాడు పోలేదు. భార్య విడిపోయి వర్నాలో ఉంటోంది, పిల్లలు లేరు. గురువారం లేకపోతే ఓగ్నియన్‌కు వారమే లేదు.

ఆ చలికాలం కామెన్ అనే కొత్త డైరెక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పేశాడు. కుర్రాడే కానీ మర్యాద తెలిసినవాడు.

“అన్నా, నా చేతుల్లో ఏమీ లేదు. స్పాన్సరు దొరికితే మీ గంట ఉంటుంది. దొరక్కపోతే వేసవి దాటదు.”

“స్పాన్సరు ఎవరిస్తారయ్యా? మేం ప్రతివారం ఒకణ్ణి ఉతికి ఆరేస్తున్నాం కదా,” అంది జ్లతీనా.

“ఈసారికి కొంచెం మెల్లిగా ఉతుకు అక్కా.”

అప్పుడే తోర్విక్ అనే కంపెనీ నుంచి చెవుల్లో పెట్టుకునే ఫోన్లు వచ్చాయి. ఉత్తరాన ఎక్కడో చలిదేశం వాళ్ళది. వస్తువు బంగారంలా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. పాట వింటుంటే వాయిద్యం పక్కన కూర్చున్నట్టుంటుంది. దాని అసలు గొప్ప ఏమిటంటే, ఎవరైనా ఫోన్ చేస్తే చెవిలో ఆ పేరు చెప్పి, తీయమంటారా అని అడుగుతుంది. చెయ్యి కదపనక్కర్లేదు, తల ఊపితే చాలు. ఓగ్నియన్ వాటిని తీసుకెళ్ళి కింది అంతస్తులో ఉండే స్తాంకా పిన్ని చెవుల్లో పెట్టాడు. ముసలావిడ చెయ్యి ఎప్పుడూ పిండిలోనో ఊరగాయలోనో ఉంటుంది కాబట్టి ఆవిడకైతే బాగా పనికొస్తాయనుకున్నాడు.

మర్నాడు మీటర్ల పని మీద తిరుగుతూ ఆవిడకు ఫోన్ చేశాడు. అరగంట సేపు లైను ఖాళీ లేదు. ఆ తర్వాత కట్ అయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్. మూడోసారీ అంతే. ముసలావిడకు ఏమైందో ఏమో. పని ఎక్కడిదక్కడ వదిలేసి, ట్రాలీబస్సు కోసం ఆగకుండా నడిచి, రొప్పుకుంటూ వెళ్ళి తలుపు బాదాడు. పిన్ని నింపాదిగా బనిత్సా రొట్టెకు పిండి సాగదీస్తోంది.

“ఏంటి పిన్నీ, నా ఫోన్ అన్నిసార్లు కోసేస్తావా?”

“నేనెక్కడ కోశానురా! నీ పేరు చెప్పి తీయమంటారా అంది. తియ్యవే తల్లీ అని తల ఊపాను. అంతే, నోరు మూసుకుంది.”

“మరి అంతకుముందు చేస్తే అరగంట ఎవరితోనో మాట్లాడుతున్నావు?”

“ఆ దుప్పట్లు అమ్మేవాడు! వద్దు పొమ్మని తలెగరేశాను. పోతాడా? తిన్నగా చెవిలో దూరాడు. ఇక వదలడే!”

ఓగ్నియన్ అక్కడే పిండిబల్ల పక్కన కూలబడి నవ్వాడు. మా దగ్గర ఔననడానికి తల అడ్డంగా ఊపుతాం, కాదనడానికి పైకెత్తి దించుతాం. తాతల నాటి నుంచీ అంతే. లోకంలో మిగతా వాళ్ళందరిదీ తిరకాసు పద్ధతి. తోర్విక్ వాళ్ళ వస్తువు ఆ తిరకాసే నేర్చుకుని వచ్చింది. తిప్పి పెట్టుకునే వీలు ఎక్కడైనా ఉందేమోనని రాత్రి దాకా వెతికాడు. లేదు.

సంగతి రాసి కంపెనీకి పంపాడు. ఆ మంగళవారమే హెన్రిక్ అనే వాళ్ళ మనిషి కామెన్ గదిలోని కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. తెల్లగా, ఉతికిన చొక్కాలా ఉన్నాడు. మాట మెత్తన.

“మీరు పట్టుకున్నది నిజమైన లోపమే పెంచెవ్ గారూ. వచ్చే ఏడాది మోడల్లో సరిచేస్తాం. మీ కార్యక్రమం మాకు చాలా నచ్చింది. ఏడాది పొడుగునా స్పాన్సరు చేద్దామనుకుంటున్నాం. ఒక్కటే చిన్న మనవి. ఈ తల సంగతి ఈ వారం రేడియోలో ఎత్తకుండా ఉంటారా?”

కామెన్ ఓగ్నియన్ వంక చూశాడు. ఓగ్నియన్ తల పైకెత్తి దించాడు, ఒక్కసారే.

“చాలా సంతోషం,” అన్నాడు హెన్రిక్. తెర ఆరిపోయింది.

బయట మెట్ల మీద సిగరెట్ కాలుస్తున్న జ్లతీనాకు సంగతి చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది.

“తల ఎత్తి దించావా? అయితే కాదన్నట్టేగా!”

“పరాయివాళ్ళతో మాట్లాడేటప్పుడు మనమే తిప్పేస్తాం కదా, వాళ్ళకు అర్థం కావాలని.”

“తిప్పావా మరి?”

“ఏమో.”

“ఏమో ఏంటయ్యా! తల నీది కాదూ? అద్దెకు తెచ్చావా?”

ఆ ‘ఏమో’ దగ్గరే ఓగ్నియన్ చాలాసేపు ఆగాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బుధవారం మీటర్లు చూస్తూ చూస్తూ ఒక నమ్మకానికొచ్చాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ ఊపిన తల, ఆ పూట మాత్రం పరాయి పద్ధతిలో ఎందుకు ఊగుతుంది? కాదనే అని ఉంటాను, ఆ పెద్దమనిషే పొరబడ్డాడు అనుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే సాకులకు హద్దు ఉండదు. అలా అనుకున్నాక హాయిగా నిద్ర కూడా పట్టింది. అయినా గురువారం తల సంగతి ఎత్తకూడదనే నిర్ణయించుకున్నాడు. అడిగితే శబ్దం బాగుందని చెప్పాలి, బ్యాటరీ గురించి చెప్పాలి, పెట్టె అందంగా ఉందని చెప్పాలి. కాదన్నవాడు కూడా ఊరికే నోరు మూసుకోవచ్చు కదా, అందులో తప్పేముంది?

గురువారం కార్యక్రమం బాగానే నడిచింది. శబ్దం చెప్పాడు, బ్యాటరీ చెప్పాడు, పెట్టె దగ్గరికి వచ్చాడు. జ్లతీనా అతన్ని గుచ్చి గుచ్చి చూసింది కానీ తల మాట ఎత్తలేదు. ఆవిడకూ ఆ గంట కావాలి. అప్పుడు శ్రోతల ఫోన్లు మొదలయ్యాయి. మొదట వసిల్కా అనే ఆవిడ, నది ఒడ్డు పేట నుంచి.

“ఓగ్నియన్ బాబూ, మీ మాట కోసమే ఆగానమ్మా. మా ఆయనకు పక్షవాతం వచ్చి చేతులు పడిపోయాయి. నేను పగలంతా బేకరీలో పనికి పోతాను. ఫోన్ చేస్తే తీసే దిక్కు లేదు. తల ఊపితే మాట్లాడొచ్చని పేపర్లో వేశారు. తల మాత్రం బాగానే ఊపుతాడు, దేవుడి దయ. కొనమంటారా?”

రేడియోలో నిశ్శబ్దం ఒక నేరం. ఆ నేరం ఓగ్నియన్ చేశాడు. జ్లతీనా కలగజేసుకోలేదు. అద్దం అవతల కామెన్ రెండు చేతులూ బల్లకు ఆనించి నిలబడ్డాడు.

“కొనకమ్మా,” అన్నాడు ఓగ్నియన్.

“అదేంటి బాబూ, ఇంతసేపూ బాగుందన్నారు?”

“బాగుంది. కానీ ఆయన రమ్మని తల ఊపితే అది పొమ్మనుకుంటుంది. మీరు బేకరీలో నిలబడి ఫోన్ చేస్తారు. ఆయన ఔనౌననే ఊపుతాడు. అది కోసేస్తూనే ఉంటుంది. మీరు గుండె చేత్తో పట్టుకుని ఇంటికి పరిగెత్తుతారు. నేను పరిగెత్తాను కాబట్టి తెలుసు.”

ఆపైన పిన్ని కథంతా చెప్పేశాడు, దుప్పట్లవాడితో సహా. వసిల్కా పడీపడీ నవ్వింది. జ్లతీనా కళ్ళు తుడుచుకుంది. మర్నాటికి ఆ ముక్క ఫోన్ల మీదుగా రాజధాని సోఫియా చేరింది, అక్కణ్ణుంచి ఎల్లలు దాటింది. సోమవారం హెన్రిక్ మళ్ళీ తెర మీదికొచ్చాడు.

కోపంతో వస్తాడనుకున్నారు. మనిషి చల్లగానే ఉన్నాడు. పైగా ఈసారి మా దేశపు అలవాటు ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు.

“మా వాళ్ళు ముందు చాలా మండిపడ్డారు, మాటిచ్చి తప్పారని. నేనే సర్దిచెప్పాను. ఆయన తన పద్ధతిలో కాదన్నాడేమో, నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమో అన్నాను. అదే నిజమైతే తప్పు నాది. అప్పుడు స్పాన్సరు విషయంలో మార్పేమీ ఉండదు. నిజానికి ఈ కథ మా వాళ్ళకు నచ్చింది కూడా. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ రోజు మీరు తల ఊపింది మీ పద్ధతిలోనా, మా పద్ధతిలోనా?”

బల్ల కింద కామెన్ కాలు వచ్చి ఓగ్నియన్ కాలిని తన్నింది. గుమ్మంలో జ్లతీనా నిలబడి ఉంది. ఇంత వెడల్పు తలుపు ఎవరు తెరిచి పెడతారు? ‘మా పద్ధతిలోనే’ అంటే చాలు, గురువారాలన్నీ అతనివే. బుధవారమంతా తను నమ్మింది కూడా అదే కదా.

కానీ అలా సూటిగా అడిగేసరికి ఆ మంగళవారం కళ్ళకు కట్టింది. ఆ గది, ఆ తెర, ఎత్తకుండా ఉంటారా అన్న మెత్తని గొంతు. అప్పుడు తనకు కలిగిన భయం కూడా గుర్తొచ్చింది. వీడికి అర్థమయ్యేలా ఊపాలి అని అనుకుని మరీ ఊపాడు.

“మీ పద్ధతిలోనే,” అన్నాడు ఓగ్నియన్.

హెన్రిక్ తెరకు కాస్త దగ్గరగా జరిగాడు.

“మీరు సరిగ్గానే అర్థం చేసుకున్నారు. నా గంట పోతుందని భయపడి ఔనన్నాను. గురువారం మాట తప్పాను. ఆ తల్లికి కొనమని చెప్పలేకపోయాను.”

“నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు,” అన్నాడు హెన్రిక్. మనస్ఫూర్తిగానే అన్నట్టున్నాడు. “అయితే ఇక మా వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.”

తెర ఆరిపోయింది. కామెన్ తల పట్టుకుని అలాగే కూర్చున్నాడు. జ్లతీనా మాత్రం మెట్ల దాకా వెంటపడింది.

“ఒక్క ముక్క! మా పద్ధతి అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేదయ్యా? ఎవడికి నష్టం?”

“ఎవరికీ లేదు.”

“మరి?”

“అక్కడ అబద్ధం చెప్పొచ్చి, ఇక్కడ కూర్చుని కొనండి, ఆగండి అంటానా? ఏది నిజంగా అంటున్నానో నాకే తెలిసి చావదు జ్లతీనా.”

ఇద్దరూ ట్రాలీబస్సు స్టాపు దాకా నడిచారు.

కార్యక్రమం చెప్పినట్టే వేసవికి ఆగిపోయింది. ఆ మొదటి గురువారం అదే వేళకు పాత జానపదాలు వేశారు. ఓగ్నియన్ ఇంట్లో వంటగది బల్ల దగ్గర రేడియో పెట్టుకుని గంటసేపూ విన్నాడు. పాటలు బాగానే ఉన్నాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.