ఉడకబెట్టిన ఇసుక

ముందుగదిలోని గాజుతొట్టి నుంచి మళ్లీ ఆ వాసన వస్తోంది. కుళ్లు అనడానికి లేదు. ముసురులో ఎండని గోనెసంచి వాసన, దాని అడుగున ఎక్కడో నాచు వాసన. తొట్టి గోడలో సగం ఆక్రమించేంత పెద్దది, అందులో అరచేతి కంటే వెడల్పైన ఆస్కార్ చేపలు రెండు. మోకాళ్లు పట్టేసి గడప దాటలేని రోజుల్లో నా భార్య సులోచన పట్టుబట్టి వీటిని తెప్పించుకున్నది. ఆమె పోయి ఏడాది దాటింది. నా అడుగు చప్పుడుకు ఎదురొచ్చేవి ఈ ఇంట్లో ఇప్పుడు అవే. చూడటానికి దర్జాగా ఉంటాయి గానీ ఇంత గలీజుగా తినే జీవిని నేను చూడలేదు. మేత గింజను నమిలి సగం మింగి, మిగతా సగం మొప్పల్లోంచి పొగలా వదులుతాయి. నాలుగు రోజులుగా రెండూ నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అట్లా నోళ్లు తెరవడం నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను.

ఆర్మూర్‌లో మా పాత ఇంటి వెనక, బావి పక్కన, నీళ్లు నిలవజేసే రాతి హౌజు ఉండేది. మాది పసుపు అడ్తి దుకాణం నడిపే ఇల్లు, నీచు ముట్టని ఇల్లు, అయినా హౌజులో రెండు బొచ్చె చేపలు తిరిగేవి. దోమపిల్లలను తింటాయని మా బాపమ్మ, అంటే నాయిన తల్లి, ఆలూర్ రైతు ఒకాయనతో అడిగి తెప్పించుకున్న పిల్లలవి. మా కళ్లముందే మోచేతి పొడవు పెరిగాయి. "షావుకారు ఇంట్ల చేపకు సావు లేదు, పెనం లేదు," అని బజారు వాళ్లు నవ్వేవారు. హౌజు గట్టు మీద ఒకదాని మీద ఒకటి మూడు కుండలు, ఒక్కోదాని అడుగున చిన్న రంధ్రం, దానికి గుడ్డపేలిక. పైకుండలో గులకరాళ్లు, నడిమి కుండలో ఇసుక, కింది కుండలో బొగ్గు. పొద్దున్నే బాపమ్మ హౌజు నీళ్లే బిందెతో ముంచి పైకుండలో పోసేది, అవి మూడు కుండలూ దిగి బొట్టు బొట్టుగా మళ్లీ హౌజులో పడేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు చిర్రగోనె ఆడి ఒళ్లు కాలి వచ్చి ఆ చప్పుడు పక్కన పడుకుంటే, రాతి చల్లదనం వీపులోకి ఎక్కేది. ఇసుక మరీ జిగటైతే సగం మాత్రమే తీసి, హౌజు నీళ్లలోనే జాడించి మళ్లీ పోసేది. బావినీళ్లు తగలనిచ్చేది కాదు. ఆ ఇసుక వాసనతోనే చేపలు తమ ఇల్లు గుర్తుపడతాయని ఆమె నమ్మకం.

స్నానమయ్యాక ఒక్కసారి చిటికెడు మక్కగట్క, అంటే మొక్కజొన్న నూక, వేసేది, అంతే. తర్వాత పొద్దంతా గట్టు మీదే కూర్చునేది. ఇంకొంచెం వేద్దామని నేను గునిస్తే, "వాటికి ఆకలి గాదురా, ఆశ. ఏసినా వస్తయ్, ఏయకున్నా వస్తయ్, జర కూసో," అనేది.

ఒక ఏడు ఉగాదికి నాయిన, నిజామాబాద్ పెద్ద వ్యాపారిని భోజనానికి పిలిచాడు. బాపమ్మ కమ్మర్‌పల్లిలో చెల్లెలి ఇంటికి పోయి ఉన్నది. పెరడు దాటితే మా చెలక. అక్కడ పెద్ద కడాయిలో పసుపు కొమ్ములు ఉడుకుతున్న కాలమది, ఆ ఆవిరికి అన్నం కూడా పసుపు వాసన వేసేది, మా పాదాలు పసుపు, మా కుక్క తోక పసుపు. నాయినకు తెలిసిన శుభ్రం ఒకటే: ఉడకబెట్టాలి, ఎండబోయాలి, మెరుగు పెట్టాలి. "హౌజు కంపు గొడుతున్నది, వచ్చినోళ్లు ముక్కు మూసుకుంటరు," అని మనుషులను పెట్టి హౌజును సున్నం వేసి తోమించాడు, కడిగించాడు, కొత్త బావినీళ్లు నింపించాడు. అంతటితో ఆగితే నాయినెట్లా అవుతాడు? కుండల్లోని ఇసుకంతా అదే కడాయిలో ఉడికించి, కల్లంలో కొమ్ముల పక్కన ఎండబోయించాడు. పిడికెడు ఇసుక నా కళ్లముందు పట్టి, "సూడు బిడ్డా, చక్కెర తీరుగ ఎట్ల మెరుస్తున్నదో!" అన్నాడు. గంగాళంలో దాచిన చేపలను మళ్లీ హౌజులో వదిలారు.

వారం తిరిగి ఉగాది నాటికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వ్యాపారి నెయ్యి కారే భక్ష్యాలు తిని, హౌజులో చెయ్యి కడిగి, నీళ్లు అద్దంలా ఉన్నాయని మెచ్చుకుని పోయాడు. ఆ సాయంత్రం తిరిగొచ్చిన బాపమ్మకు రెండు చేపలూ వెల్లకిలా కనిపించాయి. ఆమె నాయిన మీద అరవలేదు. "కొమ్ముకు చేసే మర్యాద ఇసుకకు చేసినవ్ కొడుకా," అన్నది. మళ్లీ చేపలు తెప్పించలేదు. గట్టు మీద కూర్చోవడమూ మానేసింది.

చేపల మురికిలోని విషాన్ని తినే కంటికి కనబడని ప్రాణులు ఆ ఇసుకలో కాపురముంటాయని చాలా ఏళ్ల తర్వాత, పొట్లాలు కట్టిన కాగితాలూ లైబ్రరీ పుస్తకాలూ చదువుకుని తెలుసుకున్నాను. బాపమ్మ చెప్పిన కారణం తప్పు. చేసిన పని ఒప్పు.

అందుకే నిన్న అక్వేరియం దుకాణంలో నాకు ఒళ్లు మండింది. దుకాణం నడిపే అతను తొట్టి అంచుకు తగిలించే ఫిల్టర్ చూపించి, "లోపలి స్పాంజి నెలకోటి పారేసి కొత్తదేస్కో తాతా, ఫికర్ లేదు," అన్నాడు. ప్రాణం ఉన్నదే ఆ స్పాంజిలో. దాన్ని నెలనెలా పారేయడమేమిటి! తొట్టి కింద పెట్టే పెద్ద డబ్బా ఫిల్టర్ అడిగాను. లోపల బుట్టలు, బుట్టల్లో స్పాంజి, మట్టి రింగులు, మా మూడు కుండలే, కరెంటుతో నడుస్తాయి.

"గంతది ఎందుకు తాతా? నీ తొట్టికి దీంట్ల సగం చాలు."

"తొట్టిని జూసి గాదు, తినేటోళ్లను జూసి కొనాలె."

ఈ పొద్దున బిగించడానికి అతనే ఇంటికి వచ్చాడు. పాత ఫిల్టర్ లోంచి నల్లటి స్పాంజి తీసి ముక్కు చిట్లించుకుని నల్లా వైపు నడిచాడు. "ముట్టకు! అది కడిగినవంటే నా చేపలు సస్తయ్!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బకెట్‌లో తొట్టి నీళ్లు తీసి, దాన్ని ఒక్కసారి జాడించి, నా చేత్తోనే కొత్త డబ్బా బుట్టలో పెట్టాను. అతను తొట్టిలో సగం నీళ్లు మార్చి, మోటార్ పెట్టాడు.

పోతూ పోతూ అడిగాడు: "రోజుకు ఎన్నిసార్లు ఏస్తున్నవ్ తాతా?"

"ఒకటే సారి."

అతను అడుగున పేరుకున్న గింజలను చూశాడు. "ఎంత పెద్దది పెట్టినా, గిట్ల ఏస్తే ఏదీ ఆగది," అని చెప్పులేసుకున్నాడు.

నేను చెప్పింది అబద్ధం. గింజ వేసినప్పుడల్లా అవి అద్దం దగ్గరికి వస్తాయి. ఆ కాసేపు ఎవరో ఒకరు నన్ను చూస్తుంటారు.

ఆ హౌజు పూడ్చిన చోట ఇప్పుడు షట్టర్ల వరస ఉన్నది. పసుపు మిషన్ల ఆవిరిలో ఉడుకుతున్నది. రంధ్రపు కుండ ఎందుకని అడిగే మనిషి కూడా లేడు. గింజల డబ్బా అటక మీద పెట్టి, సులోచన కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాను. నీళ్లు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. సాయంత్రానికి చేపలు నోళ్లు మూసి కిందికి దిగాయి. నా చేతిలో ఏమీ లేదు. పెద్దది ఒకటి నెమ్మదిగా అద్దం దగ్గరికి వచ్చింది, నా ఖాళీ చేతిని చూసింది, వెంటనే పోలేదు.