బావిలో తాబేలు

బావిలో తాబేలును వదిలే అలవాటు మీలో ఎంతమందికి గుర్తుంది?

మదనపల్లెలో మా పక్క సైటులో పొద్దుటి నుంచి బోరు వేస్తున్నారు. కిటికీలోంచి రాతిపొడి వాసన వస్తుంటే, శాంతిపురం దగ్గరి మా ఊరి బావి కళ్ల ముందుకొచ్చింది.

నీళ్లలో పురుగు పట్టకుండా అవ్వ అందులో తాబేలును వదిలింది. నేను బొక్కెన వేస్తుంటే, "మెల్లింగా దించమ్మా, దానికి తగల్తాది" అనేది.

ఊళ్లో ఇళ్లు పెరిగాయి. టమోటా తోటలూ పెరిగాయి. ఆ బావి నీళ్లు చాలక నాన్న దాని పక్కనే బోరు వేయించాడు. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు ఎగిస్తే, ఆ బురదలో తడుస్తూ పిల్లలమంతా గంతులేశాం.

ఆ ఎండాకాలమే బావి ఎండిపోయింది. తొంగి చూస్తే, బీటలిచ్చిన మట్టిలో తాబేలు తల పైకెత్తి ఉంది.

"నీళ్లన్నీ మనం లాగేస్తిమి. అదిప్పుడు యాడికి పోవాలప్పా?" అంది అవ్వ. నాన్న తల దించుకున్నాడు.

ఇక్కడ మదనపల్లెలో మా ఇంటి బోరు ఎనిమిది వందల అడుగులు. ఇందాక పక్క సైటులో బోరుబండి మనిషి అరిచాడు: "వెయ్యి దాటినామప్పా, ఇంకా దుమ్మే వస్తాండాది!" ఆ మాట విని, ఆ దుమ్మే రావాలని కోరుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను.

ఇప్పుడే వాళ్లకు నీళ్లు పడ్డాయి. వాళ్ల పిల్లలు తడుస్తూ గంతులేస్తున్నారు.

మా వంటింట్లో కొళాయి ముందు నిలబడ్డాను. తిప్పి చూడటానికి చెయ్యి ఆడటం లేదు.