రోడ్డుకు అవతలి టీ

హిందూపురం బస్టాండు ఎదుట ఈరోజు పొద్దున ఎవరో టీలోకి అల్లం దంచుతున్నారు. ఆ వాసనకు నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. పెనుకొండలో నాకు పని నేర్పిన నారాయణప్ప సారు గుర్తొచ్చారు.

రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఆయన దస్తావేజులు రాసేవారు, నేను టైపు చేసేదాన్ని. తప్పు కొడితే తిట్టేవారు కాదు, ఆ పొలం ఎవరిదో ఆ రైతు ముఖం ఒకసారి చూడమనేవారు. రోడ్డుకు అవతల మాబన్న టీ అంగడి. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ధర్మవరంలో సినిమా కోసం టికెట్టు లేకుండా రైలెక్కిన కథ సారు నాకు ఎన్నిసార్లు చెప్పారో!

నేను పనిలో చేరిన ఏడాదే సారు పార్టీ సభ్యత్వం తీసుకున్నారు. కండువాతో వచ్చిన రోజు ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది. అబద్ధమెందుకు, ఆ ఆనందం నిజమైనదే. ఎవరికీ పట్టని మనిషిని పదిమంది "అన్నా" అని పిలుస్తుంటే ఎవరికి బాగుండదు? కానీ ఆ ఊళ్లో టీ అంగళ్లకూ పార్టీలుంటాయి. మాబన్నది ఎదుటి పార్టీ. మర్నాటి నుంచి సారు అటు వెళ్లలేదు. తమ పార్టీ అంగట్లో పాకం లాంటి టీ తాగి మొహం చిట్లించేవారు.

వారం తిరక్కుండానే నా చేతికి ఫ్లాస్కు ఇచ్చారు. "పోయి పట్టుకరామ్మా. నాకని చెప్పాకు."

మాబన్న అడగకుండానే అల్లం ఎక్కువ, చక్కెర తక్కువ వేశాడు. "ఇంత ఘాటు నీకేనామ్మా?"

"నాకే మాబన్నా."

"అట్లయితే బీపీ మాత్ర మరిచిపోవాకు. పొద్దున్నే వేసుకో."

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. బీపీ ఉన్నది సారుకు.

అలా ఎనిమిదేళ్లు ఫ్లాస్కు రోడ్డు దాటింది, వాళ్లిద్దరూ దాటలేదు. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

ఒకరోజు వెళ్తే అంగడి మూసి ఉంది. మాబన్న గుండె ఆగి చనిపోయాడని పక్కన పూలమ్మే ఆమె చెప్పింది. నేనొచ్చి చెప్పగానే సారు కలం కింద పెట్టి, రోడ్డు దాటి, మాబన్న అంగడి ముందు బెంచీ మీద కూర్చున్నారు. నేనూ ఆయన వెనకే వెళ్లాను.

"ఏమన్నా, ఆడ కూర్చున్యావే?" సారు పార్టీ మనిషి ఒకడు ఆఫీసు వైపు నుంచి కేకేశాడు.

సారు ఖాళీ ఫ్లాస్కు నా చేతిలోంచి తీసుకొని, "ఎనిమిదేండ్లు దినామూ వాని టీనే తాగినానమ్మా. వాని పక్కన కూర్చొని తాగింది లేదు" అని ఏడ్చారు. కండువా ఆ తర్వాతా వేసుకున్నారు. ఆ మొదటి రోజు వెలుగు మాత్రం ఆయన ముఖంలో మళ్లీ చూడలేదు.

నిరుడు నేనూ ఒక పార్టీలో చేరాను. పక్కింటి సరోజది ఇంకో పార్టీ. మేము మాట్లాడుకొని నెలయింది.

"పార్సిలామ్మా?" అన్నాడు అల్లం దంచుతున్న అంగడాయన.

"వద్దప్పా. ఇంకొకామెను పిలుచుకొనొస్తా. ఈడే కూర్చొని తాగుతాము" అని ఇంటివైపు తిరిగాను.