మీటరు కడ్డీ మీద మేలూ కీడూ

మాది నగరిలో బట్టల అంగడి. నాయన దగ్గరా, చుట్టుపక్కల అంగళ్లవాళ్ల దగ్గరా నేను నేర్చిన విద్య ఒక్కటే. మొదట చెప్పే ధర ధర కాదు, అది మాట కలపడానికి. గిరాకీ నవ్వాలి, లేచి చెప్పులేసుకోవాలి, మనం వెనక్కి పిలవాలి. ఇంత తతంగం నడిచాక ఇద్దరూ ఎక్కడ ఆగితే అదీ ధర. ఈ అలవాటు మాకు ఎంత ముదిరిందంటే, జ్వరం ఎంతుందని డాక్టరు అడిగినా ఒక డిగ్రీ కలిపే చెప్పేవాళ్లం.

డెబ్బైల చివర్లో మా ఊరి మగ్గాల గళ్ల గుడ్డ మద్రాసు మీదుగా పైదేశాలకు పోయేది. నేతగాళ్లకు నూలిచ్చి, నేసిన గుడ్డ తెచ్చి మద్రాసు ఏజెంటుకు పంపడం నా పని. కొనే దేశాల్లో ఒకటి, ఏడాదికి ఇంత గుడ్డే లోపలికి రానిస్తామని హద్దు పెట్టింది. దాన్ని కోటా అనేవాళ్లు. కోటా నిండిందని కబురొస్తే ఆ ఏడు మిగిలిన నెలలు మగ్గాలు ఊరికే ఉండేవి. ఆ దేశమే మా ఊరి బడిపిల్లలకు పాలపొడి కూడా పంపేది.

ఒకనాడు ఆ దేశపు దొరసాని ఒకామె మా అంగడికి వచ్చింది. మాటలు తిప్పి చెప్పడానికి తిరుపతి కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే సారు వెంట వచ్చాడు. తమ దేశం పెట్టే రూళ్లు, చేసే సాయం మా బోటి దేశాలకు ఎంత మేలు చేస్తున్నాయో, ఎంత కీడు చేస్తున్నాయో కొలవడం ఆమె పనట. అదెట్లా కొలుస్తారని అడిగాను. ఆమె గల్లాపెట్టె పక్కనున్న మీటరు కడ్డీ తీసి బట్టల తాను మీద పెట్టింది. ఈ కొస అంతా మేలు, ఆ కొస అంతా కీడు. మీ వేలు ఎక్కడ పెడతారు?

నాకు లోపల ఉత్సాహం పుట్టింది. వేలు తీసుకుపోయి కీడు కొసన, ఇంక కడ్డీ లేనంత చివర పెట్టాను. మీ వల్ల సర్వనాశనమై పోయినాము, మీతో యాపారం లేకుంటేనే మాకు సుఖం అని కూడా అన్నాను. ఆమె నా వేలిని ఇటు లాగుతుంది, నేను కొంచెం బిగబడతాను, నడుమ ఎక్కడో బేరం తెగుతుంది అనుకున్నాను. ఆమె నా వేలిని జాలిగా చూసి, ఏదో రాసుకుని, దణ్ణం పెట్టి లేచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మొదటి ధరకే ఒప్పుకొని పోయిన గిరాకీని నేను అంతవరకు ఎరగను. అట్లాంటి గిరాకీ పోయాక అంగడివాడికి అన్నం సయించదు. సారు మెట్టు దిగుతూ నా అన్నం సంగతి పూర్తిగా తేల్చేశాడు. యాపారం కీడు చేసే ఊళ్లలో కొనేది మానేసి, ఆ బదులు సాయం పెంచమని ఆమె తన దేశానికి రాయొచ్చట.

మా వెనక వీధిలో ఒక నేతగాడుండేవాడు. చుట్టరికం లేకపోయినా నాకు మామ. ఉన్న రెండు మగ్గాల మీదా ఈ గళ్ల గుడ్డే నేసేవాడు. ఇంకో గిరాకీ లేడు. జరిగింది చెప్పాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేస్తున్నవాడు చెయ్యి ఆపాడు.

“ఇంగ పాలపొడిని మగ్గానికెక్కిచ్చేదా అప్పా?” అన్నాడు. తర్వాత ఇంకొంచెం మెల్లగా, “నీ అంగట్లో నువ్వు ఏమన్నా సెప్పుకో. నా మగ్గం మీద బేరం యెందుకు జేసినావు?” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం తిరుపతి బస్సెక్కాం. నా చేతిలో మీటరు కడ్డీ చూసి కండక్టరు, కొట్టేది ఎవర్నో చెబితే టిక్కెట్టు సగానికే ఇస్తానన్నాడు. మామ నవ్వలేదు.

కాలేజీలో సారు గదిలోనే దొరసాని కూడా దొరికింది. కడ్డీ బల్ల మీద పెట్టి, నిన్న కొంచెం ఎక్కువ చెప్పినాను, తగ్గించుకుంటాను అన్నాను. ఇదేమన్నా చీరా అని సారు అడిగాడు. అప్పటికే నా వేలు మేలు వైపు జరగడం మొదలుపెట్టింది, ఆమె ముఖం చూస్తూ బెత్తెడు, మళ్లీ ఇంకో బెత్తెడు. నా మీద నేనే బేరం చేసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఎవరు గెలుస్తున్నారో కూడా తెలియలేదు.

“సెయ్యి తియ్యప్పా,” అన్నాడు మామ.

తన వేలు మేలు కొసకు దగ్గరగా, కానీ కొస దాకా పోకుండా పెట్టాడు. మిగిలిన ఆ కాస్త ఏమిటని ఆమె సారు చేత అడిగించింది.

“కొన్నన్నాళ్లు తింటాము తల్లీ. నడాన నిలిపేసినారంటే మగ్గం గుంతలో పిల్లి పండుకోనుంటాది. అదీ ఆ కాస్త. కొనేది మానద్దండి. నిలిపేది మానండి.”

సారు తిప్పి చెప్పాడు. ఆమె మళ్లీ చెప్పించుకుంది. కొనడాన్నీ, ఆపడాన్నీ కలిపి అడగడం తన పొరపాటేననీ, ఇకమీద ప్రతి ఊళ్లో రెండూ వేరువేరుగా అడుగుతాననీ చెప్పింది. మీ ఊళ్లో కొనేది ఆపమని మాత్రం రాయను, ఏడాది నడుమ ఆపడం గురించే రాస్తాను అంది. నేను కుర్చీ ఉందో లేదో చూడకుండా కూర్చున్నాను. అదృష్టం, ఉంది.

బస్టాండులో మామ నాలుగు ఇడ్లీలు తిని, తిరుగు బస్సులో పుత్తూరు దాకా నా భుజం మీద నిద్రపోయాడు. గుమ్మంలో నిలబడి ఉన్న అత్త ఆయన ముఖం చూసింది. “పని ఉండాది,” అన్నాడు.

ఆ ఏడు కూడా కోటా నడుమనే నిండింది. ఒక దొరసాని రాసినంత మాత్రాన హద్దులు జరగవని మాకూ తెలుసు. కానీ మా ఊరి గుడ్డకు ఆర్డరు పోలేదు. తిరుపతి నుంచి వచ్చిన మర్నాడు తెల్లవారి అంగడికి బయలుదేరితే, మా వెనక వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మగ్గానికెక్కించే కొత్త పడుగు నూలు సాగదీసి ఉంది. మామ ఒక పక్క, అత్త ఒక పక్క గంజి పట్టిస్తున్నారు. దారి ఇవ్వమని అడగలేదు. చుట్టూ తిరిగి పోయాను.