నెయిల్ పాలిష్ పెట్టుకున్న నత్తలు

మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి, ఎండాకాలం సెలవుల్లో కాలేజీవాళ్లు పెట్టిన పరిశోధన శిక్షణలో చేరింది. వాళ్లది ఇబ్రహీంపట్నం. కాలేజీ విజయవాడలో మా ఇంటికి దగ్గర కావడంతో ఆ వేసవంతా మా దగ్గరే ఉంది.

ఆమెకు నత్తల మీద పని ఇచ్చారు. కాలువలు కట్టేశాక నీళ్లు ఇంకిపోతే నత్తలు బురదలోకి దిగి, గుల్లకు మూత బిగించుకుని పడుకుంటాయట. మళ్లీ తడి తగిలితే ఎన్ని లేస్తాయో చూడాలి. కంకిపాడు దగ్గర ఎండిన కాలువకు నేనే స్కూటర్ మీద తీసుకెళ్లాను. కొన్ని నడి కాలువలో ఎండ పడేచోట దొరికాయి, కొన్ని వంతెన కింద నీడలో. కలిసిపోకుండా ఎండలోవాటికి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క, నీడలోవాటికి ఆకుపచ్చ చుక్క పెట్టింది.

"పెళ్లికూతుళ్లని చేస్తున్నావా ఏంటే?" అంది మా ఆవిడ.

శిక్షణ ముగింపుకొచ్చింది. సోమవారం అందరి ముందూ నిలబడి ఏం తేలిందో చెప్పాలి. శనివారం పొద్దున ల్యాబ్‌లో నత్తల మీద నీళ్లు పోస్తే సాయంత్రానికి ఒక్కటీ కదల్లేదు. ఆదివారం ల్యాబ్ తీయరని ఆ పిల్ల వాటిని బకెట్లో ఇంటికి తెచ్చి, మా ఆవిడ ఆవకాయ కలిపే బేసిన్‌లోకి బురదతో సహా దింపింది.

"ఏవండీ, రేపు మామిడికాయలు తెస్తానన్నారు. దేంట్లో కలపను, మీ నెత్తిన కలపనా?"

అప్పుడే మా అమ్మాయికి శిక్షణలోని స్నేహితురాలి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి ప్రయోగం ఫలించిందట. మా అమ్మాయి "సూపర్ కదే!" అని నవ్వుతూ మాట్లాడి, ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. బయటికొచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకివన్నీ రావు బాబాయ్. నాన్న చెప్పినట్టు బ్యాంకు కోచింగ్‌లో చేరిపోతా."

నేను పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఏదైనా జరిగితేనే మాకు వార్త. ఏమీ జరగని చోట కాపలా కూర్చోవడం నాకు తెలియని విద్య. లేచి ఫ్యాను ఆమె వైపు తిప్పాను. చివరికి తనే, ఈ పని అప్పగించిన వాళ్ల మేడమ్‌కి ఫోన్ చేసింది. స్పీకర్లో ఆవిడ తాపీగా అన్నారు: "లేవకపోతే లేవలేదనే చెప్పమ్మా. నిన్నెవరూ కొట్టరు. లేచాయని మాత్రం చెప్పకు."

ఆదివారం భోజనం కంచం పట్టుకుని బాల్కనీలో బేసిన్ పక్కనే కూర్చుంది. కాసేపటికి "పిన్నీ!" అని ఒకటే కేక. మేమిద్దరం పరుగెత్తాం. ఒక గుల్ల మూత కొద్దిగా పక్కకి జరిగి, లోపలినుంచి మెత్తగా ఏదో బయటికి సాగుతోంది. సాయంత్రానికి సగానికి సగం లేచి బేసిన్ అంచులు పట్టుకుని పాకుతున్నాయి.

"లేచాయిగా! ఇంకెందుకు దిగులు?" అన్నాను.

ఆమె వినిపించుకోలేదు. "బాబాయ్, లేచినవన్నీ ఆకుపచ్చవే చూడు. ఎర్రది ఒక్కటే." మరి కాస్త వంగింది. "అవునూ, ఆ ఒక్కటీ ఎందుకు లేచినట్టు?"

నిన్న ఏడ్చిన పిల్ల ఈమేనా అనిపించింది.

సోమవారం సాయంత్రం చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. "ఒక సార్ లేచి, ఈ కాసిని నత్తలతో ఏం చెప్పగలవమ్మా అన్నారు. ఏమీ చెప్పలేను సార్, అందుకే మళ్లీ చేయాలి అన్నా. అందరూ నవ్వారు. మా మేడమ్ కూడా."

"నీకు కోపం రాలేదా?"

"ఎందుకు బాబాయ్? నిజమేగా." మంచినీళ్లు తాగి వంటింటి వైపు తిరిగింది. "పిన్నీ, వచ్చే ఎండాకాలం కూడా ఇక్కడే ఉంటా. ఈసారి రెండు కాలువల్లో తవ్వాలి."

"ఉందువుగానిలే తల్లీ. ముందా బేసిన్ తోము."

తోమింది. అయినా అందులో ఆవకాయ కలపనంటే కలపనని మా ఆవిడ కొత్తది కొనిపించింది. పాతదాన్ని మాత్రం పాతసామానువాడికి వేయలేదు. ఆరబెట్టి అటక మీద పెట్టించింది.