గీత కింద నీలం రంగు

తనకల్లు ఓబుళేసు, నేను కదిరిలో లారీలకు రంగులు వేసే ఒకే మేస్త్రి దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నాం. తర్వాత అతను బోర్డుల పనిలో స్థిరపడ్డాడు. అతనికొక పద్ధతి ఉండేది. పని ముగిశాక బోర్డును పైనుంచి కిందిదాకా చదువుకుని, అది చెప్పే సంగతి తనకు అర్థమైందనుకుంటేనే కుడివైపు మూలన సన్నగా తన పేరు రాసేవాడు. ఎరువుల అంగడిదైనా, ఎన్నికల గోడరాతైనా అంతే. చాలా ఏళ్లపాటు పేరు లేని బోర్డు ఒక్కటీ అతని చెయ్యి దాటలేదు.

2003లో కదిరిలోని ఒక కాలేజీకి తనిఖీవాళ్లు వస్తారని, ఎకనామిక్స్ చెప్పే పద్మప్రియ అతనికి బోర్డు మీద ఒక లెక్కల పటం రాసే పని అప్పగించింది. ఆమె ఇచ్చిన కాగితంలో రెండు ఆఫ్రికా దేశాలున్నాయి, లెసోతో, గాబన్. మధ్యలో ఒక అడ్డగీత, దేశానికొక నిలువు కడ్డీ. లెసోతో కడ్డీ ఆ గీతకు పైకి లేచింది. గాబన్ కడ్డీ గీతకు కిందికి దిగింది. పైన ‘విదేశాల నుంచి వచ్చే నికర ఆదాయం’ అని ఉంది.

అంతకు ముందు రెండేళ్లు ఓబుళేసు వాటర్‌షెడ్ పథకానికి ఊరూరా గోడల మీద ఇలాంటి పటాలే రాశాడు. వాటిలో అడ్డగీత అంటే నేల. పైన కురిసిన వాన, కింద బోర్లలో నీళ్లు దిగిపోయిన లోతు. అందుకని ఇక్కడా చెయ్యి అలవాటుగా నడిచింది. గీతను మట్టిరంగు పట్టీగా వేసి, అందులో గులకరాళ్లలా చుక్కలు పెట్టి, గాబన్ కడ్డీకి నీలం పూశాడు.

పద్మప్రియ వచ్చి ఈ రాళ్లేమిటని అడిగింది. కింద నీళ్లుంటే పైన నేల ఉండాలి కదా అన్నాడు.

“నీళ్లు కాదన్నా, దుడ్లు. గాబన్‌లో పెట్రోలు నూనె ఉండాది. తోడేది బయటి కంపెనీలు, లాభం వాళ్లు ఎత్తుకొని పోతారు. వచ్చేదానికన్నా పోయేది ఎక్కువ, అందుకే కిందికి.”

“మరి లెసోతో?”

“ఆడి మగోళ్లు పక్క దేశం గనుల్లో పని చేసి కూలి ఇంటికి పంపుతారు. అందుకే పైకి.”

ఓబుళేసు కుంచెతో పైకి లేచిన కడ్డీని చూపించాడు. అయితే లెసోతోనే ఉన్నవాళ్ల దేశమా అని అడిగాడు. కాదు, గాబనే ఉన్నవాళ్లదని ఆమె చెప్పింది. ఈ ఒక్క లెక్కలోనే అది కిందికి పోతుందట.

కిరసనాయిలు గుడ్డతో రాళ్లు తుడిచి, పట్టీ మీద నల్లగీత గీశాడు. గీత చివర కుంచె ఆపాడు.

“మేడమ్, తనకల్లులో సగం మంది బెంగళూరులో సిమెంటు మోస్తాండారు. మా ఊరికి పటం రాస్తే కడ్డీ యాడికి పోతాది?”

“పైకే.”

“ఈ కరువులోనా?”

“కరువైతే ఇంకా పైకి పోతాదన్నా. ఇంకా ఎక్కువమంది కూలికి పోయి దుడ్లు పంపుతారు కదా.”

అతను బోర్డు పైనుంచి కిందికి మూడుసార్లు చదివాడు. అక్షరాల్లో తప్పు లేదు, కొలత సరిగ్గా ఉంది. ఆమె బాగుందనేసింది. సన్నకుంచె నల్లరంగులో ముంచి, మూల దాకా తీసుకుపోయి, వెనక్కి తీసుకున్నాడు.

పేరు రాయలేదేమని ఆమె అడిగింది.

“ఎండెక్కువైతే కడ్డీ పైకి పోయే పటం నేనెప్పుడూ రాయలేదు మేడమ్. అర్థమైనాక వచ్చి రాస్తా.”

తనిఖీవాళ్లు ఆ పటాన్ని మెచ్చుకున్నారని తెలిసింది. ఓబుళేసు ఏటా గేటు రంగులకు ఆ కాలేజీకి పోయినప్పుడల్లా దాని ముందు నిలబడి వచ్చేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక అతనూ పని వదిలి, బెంగళూరులో కట్టే ఇళ్లకు సున్నం వేయడానికి పోయాడు. నెలనెలా ఇంటికి దుడ్లు పంపేవాడు.

2009లో ఆ పటం నీలం పెచ్చులూడితే నన్ను పిలిచారు. అదే రంగు కలిపి సరిచేశాను. చదివాను, మళ్లీ చదివాను. దుడ్లు వస్తున్నాయి, మనిషి మాత్రం ఇంట్లో లేడు; వానలేని ఆ ఏడు ఓబుళేసు ఇంటి కడ్డీ పైకి పోయినట్టా, కిందికి పోయినట్టా నాకు తేలలేదు.

మూల ఖాళీగానే ఉంది. నేనూ పేరు రాయకుండానే వచ్చేశాను.